చికాగో పంతులమ్మలు - పన్నుల చిట్టా

చికాగో నగరము పేరు మన తెలుగు పల్లెలకు రెండు కారణములచేత చిరపరిచితము. 1893వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన వివేకానందస్వామి అచటి సర్వమత మహాసభలో ప్రసంగించి భరతఖండము పేరు నిలిపెను. అంతకు ఏడేండ్ల ముందు, 1886వ సంవత్సరము మే నెలలో, ఎనిమిది గంటల పనిదినము కొరకు కార్మికులు ఆ నగరమున సమ్మె సాగింపగా హేమార్కెట్ అంగడివీథిలో రక్తపాతము జరిగెను. నేటికిని మే దినోత్సవమునాడు ఆ కథ ఊరూర చెప్పుకొనుచున్నారు. ఈ రెంటివలెనే చెప్పుకొనదగినదై యుండియు మనవారి చెవిని అంతగా పడని చరిత్ర మరియొకటి ఆ నగరమునకు గలదు. అది చిన్నబడులలో అక్షరములు దిద్దించు పంతులమ్మల చరిత్ర. వారు కత్తి పట్టలేదు, బడి మూసి సమ్మె కట్టలేదు. పన్నుల చిట్టా తెరచి చదివిరి. లెక్కలు చదువుట యందు ఎంత బలము గలదో తెలియగోరువారికి ఈ కథకు మించిన నిదర్శనము దొరకుట అరుదు.

కథకు మూలము భూమియందు గలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములు స్వతంత్రములైన పిమ్మట 1785వ సంవత్సరమున పడమటి భూములను కొలిపించుటకు ఒక శాసనము చేసిరి. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల చదరమునకు టౌన్‌షిప్పు అని పేరు. దానిని 36 భాగములు చేసి, ఒక్కొక్క భాగము 640 ఎకరములుగా నిర్ణయించి, అందు 16వ భాగమును పాఠశాలల నిమిత్తమై విడిచిపెట్టవలెనని విధించిరి. మన ప్రాంతమున దేవునికిని, అగ్రహారీకులకును, చెరువు నిర్వాహకులకును మాన్యములు వ్రాసి యిచ్చినట్లే వారు చదువునకు మాన్యము వ్రాసిరన్నమాట. చికాగోలో ఆ 16వ భాగము నేటి వర్తకవాటికకు నట్టనడుమ పడెను. కాని 1833వ సంవత్సరమున, ఊరు ఇంకను బురదనేలపై నిలిచిన చిన్న పల్లెగా నున్నప్పుడే, ఆ 142 గడులలో 138 గడులను వేలము వేసి 39 వేల డాలర్లకు లోపు మొత్తమునకు అమ్మివేసిరి. మిగిలినవి నాలుగే గడులు! తరువాతి కాలమున ఆ నేలపై మేడలు లేచి ఒక్కొక్క గజము బంగారమైనపుడు పాఠశాలల భాగ్యము ఎవరి ఇనుపపెట్టెలలోనికి పోయెనో వేరుగా చెప్పనక్కరలేదు. మాన్యము వ్రాయుట ఒక పుణ్యము; దానిని కాపాడుట అంతకు మించిన పని.

మిగిలిన భూమికైనను సరియైన అద్దె వచ్చినదా యన్న అదియును లేదు. కొన్ని స్థలములను దీర్ఘకాలపు కౌలుకిచ్చి, ఐదేండ్లకొకసారి విలువ కట్టి అద్దె సవరింపవలెనని మొదట షరతు పెట్టుకొనిరి. 1895వ సంవత్సరమున విద్యామండలివారు ఆ షరతును కొందరు కౌలుదార్ల విషయమున తొలగించి, 1985వ సంవత్సరము వరకు అద్దె స్థిరముగా నుండునట్లు వ్రాసియిచ్చిరి. అట్లు లాభము పొందినవారిలో పేరుగల వార్తాపత్రికలును ఉండెను. ఉపాధ్యాయినుల సంఘము తలయెత్తిన పిమ్మట దానిని ఎడతెగక నిందించిన పత్రిక వారిలో నుండుట గమనింపదగిన విషయము.

ఇక ఉపాధ్యాయినుల స్థితి ఎట్లుండెను? పందొమ్మిదవ శతాబ్దము చివర చికాగో ప్రపంచమున మిక్కిలి వేగముగా పెరుగుచున్న నగరములలో నొకటి. ఐర్లండునుండి, జర్మనీనుండి, పోలండునుండి, ఇటలీనుండి వలసవచ్చిన కూలిజనము పశువధశాలల చెంతను, ఇనుప కార్ఖానాల చెంతను క్రిక్కిరిసి నివసించుచుండిరి. వారి బిడ్డలకు ఇంగ్లీషు రాదు. ఒక్కొక్క తరగతిలో ఏబది అరువది మంది పిల్లలు. వారికి చదువు చెప్పువారు దాదాపుగా అందరును స్త్రీలే. ప్రాథమిక పాఠశాలలో ఎన్నేండ్లు పనిచేసినను గరిష్ఠ వేతనము సంవత్సరమునకు 825 డాలర్లు. ఇరువది సంవత్సరములుగా ఆ అంకె కదలలేదు. ఉద్యోగమునకు స్థిరత లేదు. ఏటేట విద్యామండలి తిరిగి నియమించినచో ఉండును, లేనిచో పోవును. ఓటు లేని స్త్రీ మొర వినవలసిన అగత్యము శాసనసభ్యునకు లేదు.

బోధకుని దారిద్ర్యము పాతమాటయే. భారతమున ద్రోణాచార్యుని కుమారుడు పాలకై యేడ్వగా తోడిపిల్లలు పిండి కలిపిన నీళ్లు త్రావించిరట. ఆ బాలుడు పాలు త్రాగితినని గంతులు వేయగా చూచిన తండ్రి గుండె పగిలెను. సర్వాస్త్రములు తెలిసిన గురువు గతియే అది! మన వీథిబడి పంతులుగారి సంగతి పెద్దలెరుగుదురు. నెలజీతము నామమాత్రము, దసరా పండుగనాడు పిల్లలచేత రంగుకాగితముల విల్లంబులు పట్టించి ఇంటింటికి వెంటబెట్టుకొని పోగా, గృహస్థు దయదలచి ఇచ్చిన మామూలే పంతులుగారి సంవత్సరపు ఆధారము. పిల్లలకు పప్పుబెల్లములు, అయ్యవారికి చాలు అయిదు వరహాలన్న రీతి. ఇచ్చువాడు దాత, పుచ్చుకొనువాడు యాచకుడు. చికాగో పంతులమ్మల కథలో అన్నిటికంటె ముఖ్యమైన విషయము ఇదియే: వారు జీతమును దానముగా గాక బాకీగా ఎంచి, ఆ బాకీ ఎవరి పద్దున నిలిచియున్నదో వెదకిరి.

1895వ సంవత్సరమున ఇల్లినాయి రాష్ట్ర శాసనసభ చికాగో ఉపాధ్యాయులకు పింఛను చట్టము చేసెను. జీతములో నూటికి ఒక వంతు కోసి నిధిగా నిలిపి, స్త్రీలకు ఇరువది యేండ్ల కొలువు తరువాతను, పురుషులకు ఇరువదియైదేండ్ల తరువాతను పింఛను ఇయ్యవలెనని నియమము. దానిని రద్దు చేయింప కొందరు యత్నించిరి. ఆ చట్టమును కాపాడుకొనుటకై ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయినులు 1897వ సంవత్సరము మార్చి నెలలో కూడి 'చికాగో టీచర్స్ ఫెడరేషను' అను సంఘమును స్థాపించిరి. ప్రాథమిక పాఠశాలలలో బోధించువారికే అందు సభ్యత్వము. మూడు నాలుగేండ్లలో నగరపు ప్రాథమికోపాధ్యాయినులలో సగమునకు పైగా అందు చేరిరి.

ఈ సంఘమునకు ప్రాణములు రెండు. ఒకరు కేథరిన్ గాగిన్, మరియొకరు మార్గరెట్ హేలీ. గాగిన్ నిదానము, హాస్యము గలది. సభను శాంతపరచుట ఆమె నేర్పు. హేలీ అగ్నికణము. ఆమె 1861వ సంవత్సరమున జోలియెట్ పట్టణమున ఐరిష్ కుటుంబమున జన్మించెను. పదునారేండ్ల ప్రాయముననే పల్లెబడిలో బోధన మొదలిడి, తరువాత చికాగో వచ్చి, పశువధశాలల పేటలోని హెండ్రిక్స్ పాఠశాలలో ఆరవ తరగతికి సుమారు పదునారేండ్లు పాఠములు చెప్పెను. ఆకారము చిన్నది, వాక్కు పదునైనది. ఆమెకు కోపము త్వరగా వచ్చెడిదని ఆమె మిత్రులు సైతము ఒప్పుకొనిరి.

సంఘము మొదట సాధించినది జీతపు పెంపు. 1898వ సంవత్సరమున విద్యామండలివారు గరిష్ఠ వేతనమును మూడేండ్లలో వేయి డాలర్లకు చేర్చుటకు అంగీకరించి, మొదటి యేట 75 డాలర్లు పెంచిరి. పంతులమ్మలు సంతోషించిరి. సంవత్సరము తిరిగినది. 1899 చివరకు మండలివారు ఖజానాలో ద్రవ్యము లేదనిరి. ఇచ్చిన పెంపునే ఉపసంహరించిరి.

ఇట్టి సందర్భమున లోకమున జరుగునది యేమి? అర్జీలు వ్రాయుదురు, ప్రార్థింతురు, దూషింతురు, కడకు ఊరకుందురు. హేలీ అట్లు చేయలేదు. 'ద్రవ్యము లేదు' అను వాక్యమును ఆమె ఒక ప్రశ్నగా మార్చెను: ద్రవ్యము ఏల లేదు? పాఠశాలలకు ద్రవ్యము పన్నులవలన వచ్చును, పన్ను తగ్గినచో ఎవరో ఇయ్యవలసినది ఇచ్చుట లేదు, ఆ ఇయ్యనివారెవరు? 1900వ సంవత్సరము జనవరిలో ఆమెయు గాగినును బడినుండి సెలవు పొంది సంఘపు పనికే పూర్తిగా అంకితమైరి. వారి జీతములు సంఘ సభ్యురాండ్రే చందాలనుండి భరించిరి. ఆ నెలలలో వారు చేసిన పని ఏ గుమాస్తా చూచినను మెచ్చదగినది. కచేరీలకు తిరిగి, మదింపు పుస్తకములు దింపించి, శాసన గ్రంథములు తెరపించి, ఏ ఆస్తికి ఏ విలువ కట్టిరో, ఏ ఆస్తి చిట్టాకే ఎక్కలేదో వరుసగా వ్రాసికొనిరి.

వారికి దొరకిన రహస్యము వివరింపవలసియున్నది. నగరమున ట్రాముబండ్లు నడుపు కంపెనీలు, గ్యాసు దీపముల కంపెనీ, విద్యుద్దీపముల కంపెనీ, టెలిఫోను కంపెనీ ప్రజల వీథులను వాడుకొని వ్యాపారము సాగించుచుండెను. వీథిలో పట్టాలు పరచుటకు, నేలక్రింద గొట్టములు వేయుటకు, స్తంభములు పాతుటకు నగరసభ వారికి హక్కు ఇచ్చెను. ఆ హక్కును అచట 'ఫ్రాంచైజు' అందురు. మన గ్రామములలో రేవు పాట, సంత ఆశీలు పాట వంటిదే యది. ఏటిమీద పడవ నడుపు హక్కు పాడుకొన్నవాని ఆస్తి ఆ పడవ ఒక్కటియేనా? పడవ విలువ ఏ పాటిది? అసలు విలువ రేవు హక్కునందున్నది. అట్లే ట్రాము కంపెనీకి ఇనుప పట్టాలకంటె, బండ్లకంటె, వీథిపై గల హక్కే ఎక్కువ విలువైనది. ఆ హక్కును బట్టియే వారి వాటాలు బజారున కోట్ల డాలర్లకు అమ్ముడుపోవుచుండెను. ఇల్లినాయి చట్టము ఈ హక్కును సైతము ఆస్తిగా ఎంచి, రాష్ట్ర సమీకరణ మండలి దానికి విలువ కట్టి పన్ను విధింపవలెనని స్పష్టముగా చెప్పుచుండెను. చట్టము ఉన్నది, మండలియు ఉన్నది. కాని విలువ మాత్రము కట్టుట లేదు. కూలివాని గుడిసెకు పన్ను, చిల్లర అంగడికి పన్ను. కోట్ల హక్కునకు సున్న. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజద్రవ్యమును అపహరించు మార్గములు నలువది యని లెక్కించెను. చేయవలసిన మదింపును చేయకుండుట అన్నిటిలోను నిశ్శబ్దమైన మార్గము. ఎవడును దొంగిలించినట్లు కనబడదు, కాని ఖజానా ఖాళీగా నుండును.

1900వ సంవత్సరము శరత్కాలమున సంఘమువారు కంపెనీల పేర్లును, వాటాల విలువయు వ్రాసి సమీకరణ మండలికి అర్జీ పెట్టిరి. మండలివారు చెవిని పెట్టలేదు. అంతట పంతులమ్మలు రాష్ట్ర రాజధానియగు స్ప్రింగ్‌ఫీల్డున న్యాయస్థానమున మాండమస్ దావా వేసిరి. చట్టము విధించిన పనిని అధికారి చేయకున్నచో 'నీ పని నీవు చేయుము' అని న్యాయస్థానము ఆజ్ఞాపించుటయే మాండమస్. గాగిన్ పేరిట ఆ దావా నడచెను. 1901వ సంవత్సరము మే నెలలో న్యాయాధికారి ఓవెన్ థాంప్సను ఉపాధ్యాయినులకు అనుకూలముగా తీర్పు చెప్పెను. మండలివారు అప్పీలు చేసిరి. అదే సంవత్సరము అక్టోబరున రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపరచెను. ఓటు లేని స్త్రీలు, అందులో నెలజీతపు పంతులమ్మలు, రాష్ట్రమున బలవంతులైన కంపెనీలచేత పన్ను కట్టింపగలిగిరన్న వార్త దేశమంతట వ్యాపించెను.

జయము పూర్ణముగా దక్కలేదు. కంపెనీలు ఫెడరల్ న్యాయస్థానమునకు పోయి ఇంజంక్షను పొందెను. అచట మదింపు మిక్కిలి తగ్గెను. అయినను ఏటికి సుమారు ఆరు లక్షల డాలర్ల పన్ను వసూలగుటకు మార్గమేర్పడెను. 1902వ సంవత్సరమున విద్యామండలి భాగమునకు సుమారు రెండున్నర లక్షల డాలర్లు చేరెను.

ఇచట కథ మరియొక మలుపు తిరిగినది. ఆ ద్రవ్యము చేతికి రాగానే మండలివారు దానిని జీతములకు గాక బొగ్గు బిల్లులకును, కట్టడముల మరమ్మతులకును కేటాయించిరి! తెచ్చినవారు పంతులమ్మలు, ఖర్చు పెట్టువారు పెద్దలు. బొగ్గు అక్కరలేదని ఎవరును అనరు. ఆ దేశపు చలికాలమున పొయ్యి లేనిదే బడి నడవదు. కాని జీతపు పెంపు తొలగించినప్పుడు ద్రవ్యము లేదన్న మాట ఇప్పుడు ఏమైనది? సంఘము మరల న్యాయస్థానమెక్కెను. 1904వ సంవత్సరమున న్యాయాధికారి ఎడ్వర్డ్ డన్ ఆ సొమ్ము ఉపాధ్యాయినుల జీతములకే చెందవలెనని తీర్పు చెప్పెను. మరుసటి యేట ఆయన చికాగో మేయరుగా ఎన్నికయ్యెను. ఆయన విద్యామండలికి నియమించినవారిలో హల్ హౌస్ సేవాసంస్థను నడపుచుండిన జేన్ ఆడమ్స్ ఒకరు.

పన్ను దావా నడచుచుండగనే సంఘము మరింత సాహసమైన అడుగు వేసెను. 1902వ సంవత్సరము నవంబరున అది చికాగో కార్మిక సమాఖ్యలో చేరెను. దీనికై సంఘమున తీవ్రమైన తర్కము జరిగినది. పంతులమ్మ చదువుకొన్న స్త్రీ, గౌరవముగలది. బండ్లు తోలువారితో, పశువులు కోయువారితో ఒకే పందిరి క్రింద కూర్చుండుట ఎట్లు? అని కొందరు సంకోచించిరి. మన దేశమునను ఇట్టి సంకోచము చాలకాలము ఉండెను. కలము పట్టినవాడు పార పట్టినవానికి బంధువు కాడనుకొనుట చదువు నేర్పిన అజ్ఞానములలో నొకటి. హేలీ వాదన సూటియైనది. మాకు ఓటు లేదు, ఆ కార్మికులకు గలదు. మా బడులలో చదువువారు వారి బిడ్డలే. ఆ బిడ్డల చదువునకు పాటుపడువారికి వారికంటె సహజమైన మిత్రులెవరు? ఆ యేడే ఒక బడిలో ఒక ఉపాధ్యాయినిని అధికారులు శిక్షించి తొలగింపగా, ఆ పేట కార్మికుల బిడ్డలు బడి మానివేసి ఆమె పక్షమున నిలిచిరి, తలిదండ్రులు వారిని సమర్థించిరి. ఆ దృశ్యము సంకోచించువారి మనస్సులను కొంత మార్చెను.

సంఘటితమగుట నేరమని తలచిన పెద్దలు విద్యారంగముననే చాలమంది. 1901వ సంవత్సరమున డిట్రాయిట్ నగరమున జాతీయ విద్యాసంఘపు మహాసభ జరిగెను. అమెరికా విద్యా కమిషనరు విలియం హారిస్ పండితుడు, తత్త్వవేత్త. విశ్వవిద్యాలయములకు ధనికులు చేయు దానములను ఆయన కొనియాడగా, హేలీ సభలోనుండి లేచి, పన్నులు సక్రమముగా కట్టినచో అట్టి దానములు అక్కరయుండదని వాదించెను. హారిస్ సమాధానము చెప్పలేదు. బడి ముగిసి అలసిపోయిన పంతులమ్మల ఆవేశమును పట్టించుకొనరాదని సభవారికి సలహా యిచ్చెను. పాండిత్యము గలచోట వినయముండునని నమ్మినవారు ఈ ఘట్టము జ్ఞాపకముంచుకొనవచ్చును. మూడేండ్ల తరువాత, 1904వ సంవత్సరమున, సెయింట్ లూయీ నగరమున అదే సంఘపు సభలో హేలీకి వేదికనుండి ప్రసంగించు అవకాశము దొరకెను. 'ఉపాధ్యాయులు ఏల సంఘటితులు కావలెను' అనునది ఆమె విషయము. చాలని జీతము, స్థిరత లేని ఉద్యోగము, క్రిక్కిరిసిన తరగతులు - ఈ మూడింటితో ఆమె ఆగలేదు. బోధకుని ఆలోచనతో పనిలేకుండ పైనుండి వచ్చిన ఆజ్ఞలను యంత్రమువలె నెరవేర్పించు పద్ధతి బడిని కార్ఖానాగా మార్చుచున్నదని హెచ్చరించెను. బానిసవలె పనిచేయు గురువు స్వతంత్రులైన పౌరులను ఎట్లు తయారుచేయగలడన్నది ఆమె ప్రశ్న సారము.

ఆ మాటకు ఆధారము ఆమె నగరముననే యుండెను. సూపరింటెండెంటు ఎడ్విన్ కూలీ ఉపాధ్యాయినులకు రహస్యముగా మార్కులు వేయించు విధానమును నెలకొల్పెను. ఆ మార్కులను బట్టియే జీతపు పెంపు. కాని తన మార్కు ఎంతయో తెలిసికొను హక్కు ఉపాధ్యాయినికి లేదు. పిల్లవానికైనను పరీక్ష వ్రాసిన పిదప మార్కులు చూపుదురుగదా! సంఘము ఏండ్ల తరబడి దీనితో పోరాడెను. 1909వ సంవత్సరమున ఎల్లా ఫ్లాగ్ యంగ్ సూపరింటెండెంటుగా వచ్చిన తరువాత పరిస్థితి మారినది. అమెరికా మహానగరములలో ఆ పదవి నలంకరించిన మొదటి స్త్రీ ఆమె. తానును తరగతి గదినుండియే పైకి వచ్చినది. ఉపాధ్యాయులు తమ అభిప్రాయములు చెప్పుటకు సమితులు ఏర్పరచెను. 1910లో జాతీయ విద్యాసంఘమునకు ఆమె అధ్యక్షురాలాయెను. ఆ గెలుపు వెనుక హేలీ కృషి చాల గలదు. 1913వ సంవత్సరమున ఇల్లినాయి స్త్రీలకు నగరపు ఎన్నికలలోను, రాష్ట్రపతి ఎన్నికలోను ఓటుహక్కు లభించెను.

మంచిదినములు నిలువలేదు. 1915వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన విద్యామండలివారు ఒక నిబంధనను విధించిరి. దానిని ప్రతిపాదించిన మండలి సభ్యుడు జేకబ్ లోబ్ పేరిట అది 'లోబ్ నిబంధన'గా ప్రసిద్ధికెక్కెను. కార్మిక సంఘములతో సంబంధము గల ఏ సంఘమునందును ఉపాధ్యాయులు సభ్యులుగా ఉండరాదని దాని సారము. సంఘము న్యాయస్థానమునకు పోయి తాత్కాలికముగా ఆపించెను. మండలివారు మాటలు మార్చి అదే నిబంధనను తిరిగి తెచ్చిరి. 1916వ సంవత్సరము జనవరిలో కేథరిన్ గాగిన్ వీథి దాటుచుండగా మోటారు బండి తగిలి మరణించెను. హేలీకి కుడిభుజము పోయినట్లయ్యెను. ఆ సంవత్సరము ఏప్రిలులో పలు నగరముల ఉపాధ్యాయ సంఘములు చికాగో సంఘమును మొదటి శాఖగా గ్రహించి 'అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్' స్థాపించినవి. జూను నెలలో దెబ్బ తగిలినది. విద్యామండలి 68 మంది ఉపాధ్యాయులను తిరిగి నియమింపలేదు. వారిలో సగమునకు పైగా సంఘ సభ్యులు. పనిలో మంచి పేరు తెచ్చుకొన్నవారును వారిలో ఉండిరి.

ఆ 68 గృహముల సంగతి చరిత్ర గ్రంథములలో ఒక పంక్తియే. కాని వేసవి గడచి బడి తెరచునాటికి తనకు తరగతి లేదని తెలిసిన స్త్రీ ఇల్లు ఎట్లు గడపవలెను? ముసలి తల్లిని, చదువుచున్న తమ్ముని తన జీతముపై పోషించు అవివాహిత స్త్రీలు ఆ వృత్తిలో ఎందరో. సంఘము వారిని విడిచిపెట్టలేదు. తోటి ఉపాధ్యాయినులు చందాలెత్తి వారికి తోడ్పడిరి.

1917వ సంవత్సరము ఏప్రిలు నెలలో రాష్ట్ర సుప్రీంకోర్టు తుది తీర్పు చెప్పెను. ఎవరిని నియమింపవలెనో, ఎవరిని మానవలెనో నిర్ణయించుటకు విద్యామండలికి సంపూర్ణాధికారము గలదనియు, కారణము చెప్పనక్కరయే లేదనియు ఆ తీర్పు. పదునారేండ్ల క్రిందట పంతులమ్మలను గెలిపించిన న్యాయపీఠమే అది. అదే నెలలో శాసనసభ ఓటిస్ చట్టమను దానిని చేసెను. మూడేండ్ల పరీక్షాకాలము దాటిన ఉపాధ్యాయుని కారణము చూపి విచారింపక తొలగింపరాదని అందు విధింపబడెను. ఒక చేతితో తీసికొన్నది, మరియొక చేతితో ఇచ్చినది. మే నెలలో సంఘము కార్మిక సమాఖ్యనుండియు, తానే మొదటి శాఖగా నిలిచిన జాతీయ సంఘమునుండియు వైదొలగెను. తొలగింపబడినవారు తిరిగి పనిలో చేరిరి.

హేలీ ఇట్లు లొంగుట పొరపాటని విమర్శించినవారు అప్పుడు గలరు, తరువాతను గలరు. కార్మికులు పదునైదేండ్లు అండగా నిలువగా, ఆపద వచ్చినంతనే విడిచిపోయినదని వారి మాట. అందు కొంత సత్యమున్నది. అయితే 68 మంది అన్నము ఒక వైపునను, సంఘపు జెండా మరియొక వైపునను త్రాసులో నిలిచినపుడు అన్నమే బరువు తూగినదని నిందించుట, దూరమున కూర్చుండి చరిత్ర చదువువారికి సులభము. పైగా ఉద్యోగ స్థిరత చట్టరూపమున చేతికి వచ్చినది. దానికొరకే మొదటినుండి పోరాటము.

అటుపిమ్మట హేలీ జీవితమున వెలుగును నీడయు కలిసిపోయినవి. పన్నుల చిట్టాను ఆమె విడువలేదు. 1920వ దశకమున చికాగో భూముల, భవనముల మదింపు మిక్కిలి అన్యాయముగా నున్నదనియు, పెద్దవారి ఆస్తులు తక్కువ విలువకు వ్రాయబడినవనియు సంఘము మరల లెక్కలు బయటపెట్టెను. 1928వ సంవత్సరమున రాష్ట్ర పన్నుల సంఘము నగరమంతటికి కొత్త మదింపు చేయవలెనని ఆజ్ఞాపించెను. న్యాయము గెలిచినది, కాని ఆ మదింపు ముగియువరకు పన్ను వసూలు ఆగిపోయెను. రెండేండ్లు అప్పులపై పాలన నడచినది. ఇంతలో 1929లో ఆర్థిక మాంద్యము వచ్చిపడెను. ఆస్తిపరులు పన్ను కట్టుట మానిరి. 1931వ సంవత్సరమునుండి ఉపాధ్యాయులకు నెలల తరబడి జీతములు లేవు. ఇచ్చినపుడును రొక్కమునకు మారుగా కాగితపు హామీలు ఇచ్చిరి. అంగళ్లవారు వానిని విలువ తగ్గించి పుచ్చుకొనిరి. 1933వ సంవత్సరము ఏప్రిలులో వేలాది ఉపాధ్యాయులు, ఎన్నడును గొంతెత్తి ఎరుగనివారు, బ్యాంకులలోనికి చొచ్చుకొని పోయి తమ జీతములడిగిరి. 1934లో ఫెడరల్ ప్రభుత్వపు అప్పు లభించిన పిదపనే బకాయిలు తీరినవి. సరియైన మదింపు కోరుట తప్పు కాదు. అయితే వసూలు ఆపి మదింపు చేయుట వలన వచ్చు చిక్కు ఎట్టిదో పన్నుల లెక్క చూచినవారందరికి తెలిసినదే.

ఆ సంక్షోభమునుండియే కొత్త సంఘము పుట్టినది. విడివిడిగా నున్న ఉపాధ్యాయ సంఘములు 1937వ సంవత్సరమున ఏకమై 'చికాగో టీచర్స్ యూనియను'గా ఏర్పడి, జాతీయ సంఘమున మొదటి శాఖ యను పాత స్థానమును పొందినవి. హేలీ సంఘము అందు చేరలేదు. ప్రాథమిక ఉపాధ్యాయినుల ప్రయోజనము పెద్దబడుల పురుషుల చేతిలో పడి మరుగున పోవునని ఆమె భయము. యువతరము ఆమె మాట వినలేదు. 1939వ సంవత్సరము జనవరిలో, 77 సంవత్సరముల ప్రాయమున, ఆమె కన్నుమూసెను.

చివరి సంవత్సరములలో ఆమె తన జీవితకథను చెప్పి వ్రాయించెను. అది అచ్చుకాక చాలకాలము కాగితముల కట్టగానే పడియుండి, ఆమె మరణించిన 43 సంవత్సరములకు, 1982లో పుస్తకరూపమున వెలువడెను. దాని పేరునకు 'యుద్ధభూమి' అని అర్థము. అందు కచేరీలలో మదింపు పుస్తకములు తిరుగవేసిన దినముల వర్ణనమే మిక్కిలి ఉత్సాహముతో చెప్పబడినది. ఇక ఇల్లినాయి సుప్రీంకోర్టు తీర్పుల సంపుటములలో 191వ దానిని తెరచినచో, రాష్ట్ర సమీకరణ మండలికి ఎదురు పక్షమున నేటికిని పంతులమ్మల నాయకురాలి పేరు కనబడును: గాగిన్.